తవుడుకు కొన్న పిల్ల

పోయిన వారం ఉషను మనం విరుదునగర్‌లో ఒక గడప బయట నిలబెట్టి వచ్చాం. ఆరేళ్ళుగా కువైత్‌లో ఒక ముసలావిడను కనిపెట్టుకుని ఉండే పని చేస్తున్న ఉష, ఎవరికీ చెప్పాపెట్టకుండా సెలవు మీద మదురైలో దిగి, నేరుగా అన్న కుమారవేల్ ఇంటికి వచ్చి తలుపు తట్టింది. తలుపు తీసింది ఆమె కడుపున పుట్టిన సంగవి. పన్నెండేళ్ళ పిల్ల. తల్లిని చూసి పరుగెత్తి రాలేదు, ఏడవలేదు. నిదానంగా లోపలికి తిరిగి, “అమ్మా, ఉషా అత్త వచ్చినాది” అని చెప్పింది.

ఆ పిలుపుకు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది తమిళ్‌సెల్వి, కుమారవేల్ భార్య, ఉషకు వదిన. వరస ప్రకారం సంగవి అత్త అనాల్సింది ఆమెను. కన్నతల్లి అత్త అయింది, అత్త అమ్మ అయింది. ఆ ఇంట్లో ఎవరికీ అందులో వింత కనిపించినట్టు లేదు. కుమారవేల్ చెల్లెలి పెట్టె అందుకుని ఒక మూల పెట్టాడు. తమిళ్‌సెల్వి మంచినీళ్ళు తెచ్చింది. సంగవి తన గదిలోకి పోయి తలుపు వేసుకుంది. ఉష ఆ నీళ్ళు ముట్టలేదు.

ఇన్నేళ్ళూ ఆ తల్లీకూతుళ్ళను కలిపి ఉంచింది ఒక జడ. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. కువైత్‌లో ఇల్లు లేవకముందే ఉష లేచి, వంటింటి పక్క సామాన్ల గదిలో ఫోనును పిండిడబ్బాకు ఆనించి పెట్టుకునేది. ఇక్కడ సంగవి బడికి తయారయ్యే వేళ. తమిళ్‌సెల్వి ఫోనును కిటికీలో నిలబెట్టి పోతే, సంగవి అందులోనే తన ముఖం చూసుకుంటూ దువ్వెన పట్టుకుని కూర్చునేది. పాపిట వంకర పోయిందని, ఎడమ జడకు బిగువు చాలదని, రిబ్బను ముడి బడికి చేరేలోగా ఊడుతుందని ఉష అక్కడినుంచి చెప్పేది. జడ అల్లే ఆ కాసేపట్లోనే లెక్కల టీచరు కోపం, పక్క బెంచీ పిల్లతో కయ్యం, తెల్లవారుజామున వచ్చిన కల, అన్నీ దొర్లిపోయేవి. తల ముట్టుకోకుండా కూతురికి జడ వేసిన తల్లి ఆమె.

ఎనిమిది నెలల కిందట ఆ జడ ఆగిపోయింది. మొదట ఫోను పాడైందన్నారు. తర్వాత ట్యూషన్ అన్నారు. తర్వాత వదిన నెంబరు అసలు మోగడమే మానేసింది. అన్న ఫోనుకు చేస్తే పిల్ల నిద్రపోయిందనో స్నానానికి పోయిందనో జవాబు. అప్పుడప్పుడు అదే ఫోను నుంచి తమిళంలో ఒక సందేశం వచ్చేది, నేను బాగున్నాను, బాగా చదువుకుంటున్నాను అని. ఉష ఆ అక్షరాలను కళ్ళకద్దుకుని దాచుకుంది. ఎనిమిది నెలలు నమ్మింది. నమ్మలేకపోయిన రోజున సెలవు అడిగింది.

అందుకే ఇప్పుడు ఆమె కూర్చోమన్నా కూర్చోలేదు. పెరట్లో ఎవరో మిరపకాయలు ఎండబోసినట్టున్నారు, ఘాటుకు గొంతు పట్టేస్తోంది. ఆ గొంతుతోనే అడిగింది.

“నా బిడ్డ నన్ను అత్త అంటాది. ఎవురు నేర్పించినారు వొదినా?”

తమిళ్‌సెల్వి తడబడలేదు. ఈ ప్రశ్న ఎప్పటికైనా వస్తుందని ఎదురుచూసిన మనిషిలా నిలబడింది.

“వరస నేను మార్చలేదు ఉషా. నీ చేత్తోనే తవుడు వాంగుకోని, ఈ పిల్లను నా వొళ్ళో పెట్టినావు. మరిచిపోయినావా?”

ఉష మరిచిపోలేదు, ఆ తవుడు తీసుకున్న చేతులు తనవే. ఏ తల్లీ మరిచిపోయే సంగతి కాదది. సంగవికి ముందు ఆమెకు ఇద్దరు బిడ్డలు పుట్టి, పేరు పెట్టేలోపే పోయారు. మూడోసారి పురుడు వచ్చినప్పుడు తల్లి కృష్ణమ్మాళ్, కోవిల్‌పట్టి దగ్గరి తమ నల్లరేగడి పల్లెలో తరతరాలుగా ఉన్న ఆచారాన్ని బయటికి తీసింది. పిల్లలు దక్కని తల్లి కొత్త బిడ్డను ఇంకొకరికి తవుడుకు అమ్మేస్తుంది. చేటెడు తవుడు, అంతే ధర. ఈ బిడ్డ నాది కాదు, తవుడుకు పోయింది అని నలుగురి ముందు చెప్పాలి. ఆ తల్లి బిడ్డల కోసం వెతుక్కుంటూ వచ్చే విధికి ఇక్కడ బిడ్డ లేదని తోచి వెనక్కి పోతుందట. బిడ్డకు అయిదేళ్ళు నిండినాక అదే చేటలో తవుడు కొలిచి ఇచ్చి తిరిగి కొనుక్కోవాలి. అప్పటిదాకా బిడ్డ కొన్నామెనే అమ్మా అనాలి. కొన్నది కొత్తకోడలు తమిళ్‌సెల్వి. చేట పట్టుకుని సాక్ష్యంగా నిలబడింది కృష్ణమ్మాళ్.

అందరికీ అది ఒక తతంగమే. ఉష అదే అంది. విధి కళ్ళు కప్పడానికి చేసిన ఆటను పట్టుకుని బిడ్డ మీద హక్కు చెబుతారా అని అడిగింది. ఇంట్లో పాలు ఇచ్చింది నేను, ఒళ్ళో పడుకోబెట్టుకున్నది నేను, ఆ పిల్ల నన్ను అమ్మా అన్నప్పుడు మీరెవరూ కాదనలేదే అని అడిగింది.

“ఆట అనే అనుకో. ఆట ముగించినావా? తిరిగి కొన్నావా?” అంది తమిళ్‌సెల్వి.

కొనలేదు. ఎలా కొంటుంది? అయిదేళ్ళు నిండిన ఏడే మొగుడు పోయాడు. పోయినవాడి కర్మ ముగిసీ ముగియకముందే కువైత్ పని కుదిరింది, ఇప్పుడు రాకపోతే ఇంకొకరిని పంపుతామన్నారు. పిల్లకు తవుడు కొలవాలి కదమ్మా అని ఉష అడిగితే, పోయి రా, తవుడు యాడికి పోతాది అంది కృష్ణమ్మాళ్. తవుడు ఎక్కడికీ పోలేదు. పిల్లే పోయింది. ఊరు ఊరంతా ఏడాదికొకసారైనా మంచి రోజు చూసి మేకపోతును కొనడానికి తీరిక చేసుకుంటుంది గానీ, ఒక ఆడదాని బిడ్డను ఆమెకు తిరిగి ఇప్పించడానికి మాత్రం ఆరేళ్ళుగా ఎవరికీ తీరిక దొరకలేదు.

అక్కడితో ఆగినా ఉష ఏడ్చి ఊరుకునేదేమో. తమిళ్‌సెల్వి ఆగలేదు. ఆమెలోనూ ఏదో పేరుకుపోయి ఉంది. పోయిన ఐపసి నెల వానల్లో పిల్లకు కాచ్చలు వచ్చిందని చెప్పింది. మామూలు జ్వరం కాదు, దోమ జ్వరం. రక్తంలో కణాలు పడిపోయి, ముక్కులోంచి నెత్తురు కారి, పెద్దాసుపత్రిలో వారం పైన సరిగా స్పృహ లేకుండా కలవరిస్తూ పడి ఉంది. డాక్టరు వీళ్ళను పక్కకు పిలిచి దేవుడి మీద భారం వేయమన్నాడు.

ఐపసి అంటే ఎప్పుడో ఉష లెక్క వేసుకుంది, జడ ఆగిపోయిన నెలే అది. ఆ వారమే ఆమెకు, నేను బాగున్నాను అమ్మా, పరీక్షలు బాగా రాస్తున్నాను అని సందేశం వచ్చింది. ఆ సంతోషంలో ఆమె ముసలావిడ కాళ్ళు పిసుకుతూ పాట కూడా పాడుకుంది. ఇక్కడ బిడ్డ ముక్కులో నెత్తురు కారుతుంటే అక్కడ తల్లి పాట పాడుకుంటోంది. ఆ పాట గుర్తుకొచ్చి ఉషకు తన గొంతు మీద తనకే అసహ్యం పుట్టింది. తర్వాత ఆ అసహ్యం వీళ్ళ మీదికి మళ్ళింది.

“ఆ సందేశాలు రాసినది ఎవురు?”

“నేనే రాసినాను. నువ్వు బయపడకూడదని రాసినాను.” తమిళ్‌సెల్వి గొంతు మొదటిసారి తగ్గింది. “చెప్పుంటే నువ్వు ఏమి చేసుంటావు ఉషా? సముద్రం అవతల కూచోని ఏమి చేసుంటావు?”

“ఏమీ చేయలేను. ఏడ్చి ఉంటాను. దూరాన ఉండే తల్లికి మిగిలింది అది ఒగటే వొదినా. అది కూడా నాకు లేకుండా చేసినారు.”

కుమారవేల్ గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ నిలబడ్డాడు. మండీలో మిరప బస్తా తూకం తేడా వస్తే నలుగురిని నిలదీసే మనిషి, చెల్లెలి విషయానికి వచ్చేసరికి తేదీలు చూసుకుంటున్నాడు. ఫోను మూసేయమని చెప్పింది ఎవరని ఉష అడిగింది. తమిళ్‌సెల్వి మొగుడి ముఖం చూసింది, తల దించుకుంది. ఉషకు అదే జవాబు అనిపించింది. గొడ్రాలు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, మూసి ఉన్న గది తలుపుకు వినపడేలా ఒకటే చెప్పింది. రేపు తవుడుతో వస్తాను, అమ్మను సాక్ష్యం తెస్తాను, నా బిడ్డను నేను కొనుక్కుంటాను.

విరుదునగర్ నుంచి సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టి పోయే బస్సులో ఆమెకు కిటికీ పక్కన చోటు దొరికింది. దారి పొడుగునా వదినను తిడుతూనే ఉంది, మనసులో. కోవిల్‌పట్టిలో దిగి తవుడు కోసం వెతికితే అదొక పెద్ద పని అయి కూర్చుంది. వడ్లు దంచే ఇల్లు ఒక్కటీ లేదు ఇప్పుడు. పల్లీపట్టీలమ్మే కడలైమిట్టాయి దుకాణాలు వరసగా ఉన్నాయి, ఎన్ని కిలోలు కావాలన్నా ఇస్తారు, తవుడు మాత్రం పశువుల దాణా అంగడిలోనే. అంగడతను తమిళంలో ఆవుకా, బర్రెకా అని అడిగాడు. దేనికైతే దానికి తగ్గ రకం ఉందట. పిల్లకు అంది ఉష. అతను ఆమె ముఖం చూసి, ఇంకేమీ అడగకుండా కట్టి ఇచ్చాడు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు. బిడ్డ విషయంలో ఆ సామెత ఇంత నిజమవుతుందని ఉష ఎన్నడూ అనుకోలేదు.

పల్లెలో కృష్ణమ్మాళ్ కూతురిని చూసి కావలించుకుంది, ఏడ్చింది, సజ్జన్నం పెట్టింది. ఉష అంతా చెప్పింది. అత్త అని పిలిచిన సంగతి, కాచ్చలు, దొంగ సందేశాలు, మూసేసిన ఫోను. చెబుతూ చెబుతూ, నీకు కూడా చెప్పకుండా దాచిందేమో ఆ మహాతల్లి అంది. కృష్ణమ్మాళ్ అవుననలేదు, కాదనలేదు. ఎంగిలి కంచం తీసుకుని లేచింది. మామూలుగా చిన్న మాటకు పది ప్రశ్నలు వేసే ముసలిది, ఆ రోజు ఒక్కటీ అడగలేదు. చేట అటక మీద ఉందని, పొద్దున తీస్తానని మాత్రం చెప్పింది. కూతురి బాధకు తల్లి నోరు మూగబోయిందనుకుంది ఉష. కోపంలో ఉన్న మనిషికి తన వైపు ఉన్నవాళ్ళ మౌనం కూడా తోడుగానే వినిపిస్తుంది.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే తల్లీ కూతుళ్ళిద్దరూ బస్సెక్కారు. దుమ్ము దులిపిన పాత చేట కృష్ణమ్మాళ్ ఒళ్ళో ఉంది. ఈ రోజే పోవాల్నా, ఇంకొక మంచి రోజు చూద్దామా అని పొద్దున ఒకసారి అడిగింది. ఆరేళ్ళు చూశాం మంచి రోజులు అంది ఉష. సాత్తూరు దాటాక ముసలమ్మ చేతులు చేట అంచు మీద ఊరికే కదులుతూ ఉండడం చూసి, గాలి కొడుతోందా అని అడిగి కొంగు కప్పింది.

కుమారవేల్ ఇంటి గడప ముందర ఉష చేటలో తవుడు పోసింది. ఎదురింటి అరుగు మీద ఇద్దరు ముగ్గురు చేరారు. చేరనీ అనుకుంది ఉష. అమ్మినప్పుడు నలుగురి ముందు అమ్మింది, కొనేది కూడా నలుగురి ముందే కావాలి. ఇప్పుడు తమిళ్‌సెల్వి కొంగు పట్టి తవుడు అందుకోవాలి, పిల్లను గడప దాటించి పంపాలి. అదీ పద్ధతి.

తమిళ్‌సెల్వి గడపలో నిలబడింది. రాత్రంతా నిద్ర లేని ముఖం. కొంగు చేతుల్లోకి తీసుకుంది గానీ పట్టలేదు.

“పట్టు వొదినా” అంది ఉష.

“పడతాను. ఈ తవుడు వాంగుకున్నంక నా వొళ్ళో ఇంకేముంటాదో, అది మట్టుకు చెప్పు.”

ఆ మాటకు ఉష చేతులు ఒక్క క్షణం వెనక్కి తగ్గాయి. ఆసుపత్రిలో వారం పైన నిద్రపోకుండా కూర్చున్నది ఎవరో ఆమెకు తెలుసు. ముక్కులోంచి కారిన నెత్తురు తుడిచింది ఎవరి కొంగో కూడా తెలుసు. అది తన కొంగు కాకుండా పోయిందన్న ఉక్రోషమే ఆమెను మళ్ళీ ముందుకు నెట్టింది. చేటను ఇంకా దగ్గరికి జరిపింది.

అప్పుడు సంగవి బయటికి వచ్చింది. తలంటుకున్నట్టుంది, జుట్టు విరబోసుకుని ఉంది. చేటను చూసింది, ఇద్దరినీ చూసింది. ఆ చిన్న ముఖంలో ఉన్న కోపం ముందు పెద్దవాళ్ళ కోపాలన్నీ వెలవెలపోయాయి.

“నన్ను తవుడు పోసి కొనేదానికి నేనేమన్నా మేకనా? మీరిద్దురూ కొలస్తా ఉండారే, నన్ను ఎవురన్నా అడిగినారా?”

సంగవి ఉష వైపు తిరిగింది. నాకు కాచ్చలు వచ్చి తగ్గినాక, నువ్వు ఫోను చేయడం మానేశావని చెప్పారు. నీకు పని ఎక్కువని, తీరిక లేదని చెప్పారు. నేను రోజూ కిటికీ దగ్గర కూర్చున్నాను. తర్వాత కూర్చోవడం మానేశాను. ఈ మాటలన్నీ తడబడకుండా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. ఎన్నిసార్లు లోలోపల చెప్పుకుని ఉంటుందో. ఆఖరున అడిగింది.

“ఇప్పుడు నిజం చెప్పండి. ఫోను నిలిపినది ఎవురు?”

ఉష తమిళ్‌సెల్వి వైపు చూపు తిప్పింది, చెప్పు అన్నట్టు. తమిళ్‌సెల్వి పెదవి కదిపింది. ఆమె కంటే ముందు, ఉష వెనకనుంచి, సాక్ష్యానికి తెచ్చుకున్న మనిషి మాట్లాడింది.

“నేనే” అంది కృష్ణమ్మాళ్.

ఉష వెనక్కి తిరిగింది. ముసలమ్మ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది.

“కాచ్చల్లో పడుండి కూడా అమ్మా, జడ వంకరగా ఉండాదా అని ఫోనులో మాట్లాడేమాదిరే మాట్లాడతా ఉండె. విదికి అదంతా వినపడతాదే అని నాకు బయం. ఇద్దురు పిళ్ళల్ను పూడ్చిన చేతులు ఇవి. మూడోదాన్ని పూడ్చేదానికి నా వల్ల కాదు. ఫోను మూసేయమని ఈ కోడలి కాళ్ళు పట్టుకుంటిని. ఇది వద్దనె. నేనే విడవలేదు. నిన్ను అత్త అనమని పిళ్ళకు చెప్పినది కూడా నేనే.”

ఉషకు అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలి? నిన్నటి నుంచి వదిన మీద పోసిన తిట్లన్నీ వెనక్కి తీసుకోవాలి, వాటిని కన్నతల్లి మీద పోయాలి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. ఎదురింటి అరుగు మీదివాళ్ళు చెవులు ఇటే పెట్టి ఉన్నారు. తను ఇద్దరు బిడ్డలను పోగొట్టుకున్న తల్లి, తన తల్లి ఇద్దరు మనవలను పూడ్చిన మనిషి. ఇంత బాధ తెలిసిన ఆడదే తన బిడ్డ నోట్లోంచి అమ్మ అన్న మాటను లాగేసింది. పరాయిది చేసి ఉంటే ద్వేషించడం సులువుగా ఉండేది. ప్రేమ పేరు చెప్పి చేసిన ఈ అన్యాయాన్ని ఏం చేయాలో ఆమెకు తోచలేదు.

సంగవి మాత్రం ఉషనే చూస్తోంది.

“సరి. తవుడు ఇచ్చేసినంక నన్ను యాడికి కూటుకోని పోతావు?”

ఉష నోరు తెరిచింది. ఎక్కడికి? పల్లెలో తల్లి ఇల్లు, ఇప్పుడు ఆ ఇంటి గడప ఎలా తొక్కాలో తెలియదు. కువైత్‌లో సామాన్ల గది, పిండిడబ్బా. సెలవు ముగిసే రోజుకు తిరుగు టికెట్టు చేతిసంచిలో ఉంది. బిడ్డను కొనుక్కోవడం గురించే నిన్నటి నుంచి ఆలోచించింది గానీ, కొనుక్కుని ఏం చేస్తుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

సంగవి ముందుకు వచ్చి, ఉష చేతుల్లోంచి చేట తీసుకుంది.

“అట్లంటే ఇది నాకే ఇయ్యండి. నన్ను నేనే కొనుక్కుంటాను” అంది.

తవుడు ఒలకకుండా చేటను జాగ్రత్తగా పట్టుకుని లోపలికి పోయింది. గది తలుపు గడియ పడిన చప్పుడు వినిపించింది. తమిళ్‌సెల్వి ఖాళీ కొంగు వదిలేసి ఏడుస్తోంది. కుమారవేల్ లోపలికి పోయి తలుపు కొట్టాడు, జవాబు లేక తిరిగొచ్చాడు. ఉష గడప దాటి ఆ గది ముందరికి వెళ్ళి నిలబడింది. సంగవీ అని పిలవబోయింది.

ఆమె చేతిసంచిలో ఫోను మోగింది. తీసి చూస్తే తెర మీద వదిన పేరు. ఎనిమిది నెలలుగా మోగని నెంబరు. తమిళ్‌సెల్వి ఎదురుగానే ఉంది, చేతిలో ఫోను లేదు. మూసిన నెంబరు తెరవడం ఆ వయసు పిల్లలకు ఎంత పని.

ఉష నొక్కింది. తెర మీద కిటికీ వెలుతురు, పక్కన బల్ల మీద తవుడు చేట, విరబోసుకున్న జుట్టు, చేతిలో దువ్వెన. తలుపుకు ఆ పక్క సంగవి, ఈ పక్క ఉష. సముద్రం అడ్డం లేదు, చెక్క తలుపు ఒక్కటే ఉంది. అయినా ఆ పిల్ల తల్లి ముఖాన్ని ఫోనులోనే నేరుగా చూసింది. జుట్టును రెండుగా చీల్చి, దువ్వెన నడినెత్తిన పెట్టి ఆగింది.

“దీంట్లో నువ్వు ఎప్పుడూ నాకు అబద్దం చెప్పలేదు” అంది సంగవి. “ఇప్పుడూ చెప్పొద్దు. మళ్ళా పోతావా అమ్మా?”